చెరువులో జలగ కనిపిస్తే నీటి గురించి ఏం తెలిసినట్టు?

తొలకరి పడి చెరువుల్లోకి కొత్త నీళ్లు చేరగానే ఫోన్లలో జలగల వీడియోలు తిరగడం మొదలవుతుంది. వాటితోపాటే రెండు మాటలు కూడా. "జలగలున్నాయంటే ఆ నీళ్లు మురికివి, దిగొద్దు" అని కొందరు. "జలగ బతికి ఉందంటే పురుగుమందుల విషం కలవలేదన్నమాట, నీళ్లు మంచివే" అని ఇంకొందరు. ఇద్దరూ ధీమాగానే చెబుతారు. ఇద్దరి మాటలోనూ అంతో ఇంతో నిజముంది కాబట్టే ఈ వాదన తెగదు.

నిజానికి ఇక్కడ మూడు ప్రశ్నలు కలిసిపోయాయి. కనిపించింది ఏ జలగ? అది ఎలాంటి నీళ్లలో బతకగలదు? ఫలానా చోట ఉందని, లేదని మనకెలా తెలిసింది? మొదటిది పేర్ల గొడవ, రెండోది జీవావరణ శాస్త్రం, మూడోది వెతుకులాటకు సంబంధించింది. జలగలకే కాదు, నత్తలు, ఆల్చిప్పలు, ఎండ్రకాయలు, తూనీగ పిల్లలు, బురదలోని ఎర్ర పురుగులు... వెన్నెముక లేని నీటి జీవులన్నిటికీ ఇవే మూడు చిక్కులు.

ఒక మాట కింద మూడు రకాల నోళ్లు

జలగ వానపాముకు దగ్గరి చుట్టం. రెండూ ఒళ్లంతా ఖండాలుగా ఉండే అనెలిడా వర్గానివే. జలగకు అదనంగా ఉన్నవి రెండు చూషకాలు. ముందుది చిన్నది, నోటి చుట్టూ ఉంటుంది. వెనకది పెద్దది, పట్టు కోసం. ఒంటి మీద ముడతలు ఎన్ని కనిపించినా లోపలి అసలు ఖండితాలు మాత్రం జలగలన్నిటిలోనూ ఒకే సంఖ్యలో ఉంటాయి. ప్రతి జలగా ఆడా మగా రెండూ.

మంచినీటి జంతువులన్నిటినీ ప్రపంచస్థాయిలో లెక్కగట్టి 2008లో ప్రచురించిన అంచనాల ప్రకారం జలగ జాతులు సుమారు 680. వాటిలో 480 దాకా మంచినీటివి. మిగిలినవి సముద్రంలోనో, కొండ అడవుల తడి నేలమీదో బతుకుతాయి. అప్పటి లెక్కల్లోనే మొత్తం మంచినీటి జంతు జాతులు సుమారు 1,26,000 అని తేలింది. భూమి ఉపరితలంలో మంచినీటి వాటా ఒక శాతంలోపే, కానీ తెలిసిన జంతు జాతుల్లో దాదాపు పదో వంతు అక్కడే ఉన్నాయి. అందులో సగానికి పైగా కీటకాలు. ఆ గుంపులో జలగలు చిన్న ముక్క.

మనుషుల, పశువుల రక్తం తాగేవి అందులోనూ కొన్నే. నోటిని బట్టి చూస్తే తేడా తెలుస్తుంది. గేదెల పొదుగుకు, నాటువేసే కూలీల పిక్కలకు పట్టేవి దవడల జలగలు. మూడు దవడలు, తల మీద ఐదు జతల కళ్లు. కరిచిన చోట మూడు గీతలు ఒక చుక్క దగ్గర కలిసినట్టు గాటు పడుతుంది. రెండో రకానికి దవడల్లేవు, సన్నని తొండం ఉంటుంది. దాన్ని నత్తలోకో, చేపలోకో, కప్ప చర్మంలోకో గుచ్చి పీలుస్తాయి. మూడో రకానికి రక్తంతో పనే లేదు. నీటి పురుగుల్ని, చిన్న వానపాముల్ని ఉన్నపళంగా మింగేస్తాయి.

తూము దగ్గర సగం మునిగిన పలకరాయిని తిప్పి చూస్తే చాలాసార్లు కనిపించేది ఈ చివరి రెండు రకాలే. రాతికి అంటుకుని గోరంత కూడా లేని బల్లపరుపు జీవి ఒకటి ఉంటుంది. కదపగానే అంచులు లోపలికి ముడుచుకుంటుంది. మెల్లగా వెల్లకిలా తిప్పితే కడుపు కింద దారప్పోగుల్లా పదులకొద్దీ పిల్లలు వేలాడుతుంటాయి. ఇలాంటి బల్లపరుపు తొండం జలగలు గుడ్లనూ పిల్లలనూ అలా పొట్టకింద పెట్టుకుని మోస్తాయి. రక్తపిశాచి అని పేరుపడ్డ వంశంలో ఇంత పిల్లల సాకుడు ఉండటం నాకెప్పుడూ వింతగానే అనిపిస్తుంది. పక్కనే గోధుమరంగులో చిన్న చదునైన గూడు రాతికి అతుక్కుని ఉంటే అది మింగే జలగది.

సుశ్రుతుడు వేసిన మూడు గడులు

"మురికి నీళ్ల జలగ, మంచినీళ్ల జలగ" అన్న విభజన కొత్తది కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 13వ అధ్యాయం జలగలను పన్నెండు రకాలు చేసింది. కృష్ణ, కర్బుర, అలగర్ద మొదలైన ఆరు విషం ఉన్నవి. కపిల, పింగళ, శంకుముఖి మొదలైన ఆరు విషం లేనివి. కుళ్లిన చేపలు, కప్పలు, మలమూత్రాలు కలిసిన కలక నీళ్లలో మొదటి రకం, తామరలు కలువలు ఉన్న తేటనీళ్లలో రెండో రకం పుడతాయని చెప్పింది. యవన, పాండ్య, సహ్య, పౌతన ప్రాంతాలు వాటి నెలవులని కూడా పేర్కొంది.

ఆ పన్నెండింటిలో ఏది నేటి ఏ జాతి అని గట్టిగా చెప్పలేం. విషం సంగతి కూడా ఇవాళ్టి అవగాహనతో సరిపోదు. వైద్యానికి వాడే మందు జలగ పేగులో ఉండే ఏరోమోనాస్ బ్యాక్టీరియా గాయంలో చేరి చీము పట్టించగలదు గానీ జలగకు పాములాంటి విషం లేదు. అయినా ఆ పాత గ్రంథం రాసుకున్నది రకం, నివాసం, ప్రాంతం అనే మూడు గడుల పట్టిక. నేటి సర్వేలు నింపేదీ దాన్నే. ఆయన్ని "జలగుంటే నీళ్లు మంచివా చెడ్డవా" అని అడిగితే "ఏ జలగ?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు.

ఏ జీవి ఎక్కడుంటుందో నిర్ణయించేవి

జలగకు ముందు కావలసింది పట్టు. రాయి, చెక్క, తామరకాడ, గుర్రపుడెక్క వేరు, ఏదో ఒకటి ఉండాలి. వదులుగా కదిలే ఇసుక అడుగున్న ఏరులో జలగలు తక్కువ. రెండోది తిండి. నత్తల మీద బతికే తొండం జలగ నత్తలున్న చోటే ఉంటుంది. నత్తకు గుల్ల కట్టుకోవడానికి నీటిలో సున్నం కావాలి. అలా నీటి రసాయనం నత్త ద్వారా జలగ దాకా వస్తుంది.

మూడోది గుడ్లు పెట్టే చోటు. దవడల జలగలు గూళ్లను నీటిలో కాదు, నీటి అంచుకు కాస్త పైన తడి మట్టిలో పెడతాయి. అందుకే గట్టు చుట్టూ నిలువు కాంక్రీటు గోడ కట్టిన చెరువులో, నీళ్లు ఎంత బాగున్నా, వాటికి సంతానం వృద్ధి చేసుకునే చోటు తగ్గిపోతుంది. ఎండాకాలంలో నీరు ఇంకితే తడి బురదలోకి దూరి వానల దాకా ఓపిక పడతాయి. ఒకసారి కడుపునిండా తాగితే నెలల తరబడి తిండి లేకుండా గడపగలవు. ఏటా ఎండి నిండే మన మెట్ట చెరువులకు ఇది తగిన బతుకు. గేదెలు చెరువులో దిగడం తగ్గి, పొలం పనులు ట్రాక్టర్లకు మారిన ఊళ్లలో దవడల జలగకు తిండి తగ్గుతుందని తేలిగ్గా ఊహించొచ్చు. అప్పుడు జలగలు పోయింది నీళ్లు చెడిపోయి కాకపోవచ్చు.

నీటికి మార్కులు వేసే పద్ధతి

నీటి నమూనాను ప్రయోగశాలకు పంపితే ఆ క్షణంలో నీళ్లలో ఏముందో తెలుస్తుంది. అడుగున బతికే పురుగులు మాత్రం నెలల తరబడి అక్కడే ఉండి అన్నీ భరించినవి. ఈ ఆలోచనతో 1970ల చివర్లో బ్రిటన్‌లో ఒక మార్కుల పట్టిక తయారుచేశారు. కాలుష్యాన్ని అస్సలు ఓర్వలేని కుటుంబాలకు (దగ్గరి జాతుల గుంపులకు) 10, ఎంతైనా ఓర్చుకునేవాటికి 1. బురదలోని సన్న ఎర్ర వానపాములకు 1, కైరోనమిడ్ దోమల ఎర్ర పిల్లపురుగులకు 2. జలగ కుటుంబాల్లో ఎక్కువవాటికి 3, చేపల జలగలకు 4. నీటిలో పెరిగి రెక్కలు తొడిగే మేఫ్లై పురుగుల కుటుంబాల్లో కొన్నింటికి 10.

రెండు ఊహా ఉదాహరణలు చూద్దాం. ఒక చెరువులో ఎర్ర వానపాములు 1, ఎర్ర పిల్లపురుగులు 2, దవడల జలగలు 3, లిమ్నియా నత్తలు 3. మొత్తం 9. నాలుగు కుటుంబాలకు సగటు 2.25. ఒక వాగులో ఎర్ర పిల్లపురుగులు 2, తొండం జలగలు 3, ఓర్పున్న మేఫ్లై రకం 4, వల అల్లే కాడిస్ పురుగు 5, వివిపారస్ కుటుంబపు నత్తలు 6, గోంఫిడ్ తూనీగ పిల్లలు 8, సున్నితమైన మేఫ్లై రకం 10. మొత్తం 38. ఏడు కుటుంబాలకు సగటు 5.4. జలగలు రెండు చోట్లా ఉన్నాయి. తీర్పు చెప్పింది జలగ కాదు, దాని ఇరుగుపొరుగు. మొదటి మాట అన్నవాళ్లు జలగకు మురికిని ఓర్చుకునే శక్తి ఉందని పట్టుకున్నారు. రెండో మాట అన్నవాళ్లు ఆ ఓర్పుకూ హద్దుందని పట్టుకున్నారు. పట్టికలో 3 అంటే సరిగ్గా ఆ రెండింటి మధ్య.

ఈ పద్ధతి మీద అభ్యంతరాలు లేకపోలేదు. చల్లని, పారే బ్రిటిష్ ఏరుల కోసం కట్టిన మార్కులు వెచ్చని, నిలవ నీటి, వేసవిలో ఎండే చెరువుకు ఎలా వర్తిస్తాయన్నది మొదటిది. మైదానపు చెరువులో 10 మార్కుల జీవులు సహజంగానే తక్కువ. వాటి లేమిని కాలుష్యం ఖాతాలో రాయకూడదు. అందుకే మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీన్ని ఇక్కడికి తగ్గట్టు మార్చుకుని, మార్కుల సగటుతోపాటు జీవ వైవిధ్యాన్నీ కలిపి, శుభ్రం నుంచి తీవ్ర కాలుష్యం దాకా ఐదు తరగతులు పెట్టింది. రెండో అభ్యంతరం కుటుంబం స్థాయిలో ఆగిపోవడం గురించి. ఒకే కుటుంబంలో ఓర్పున్న జాతి, లేని జాతి రెండూ ఉండొచ్చు. జాతి దాకా వెళ్లాలంటే నిపుణులు కావాలి, ఏళ్లు పడుతుంది, కుటుంబమైతే శిక్షణ పొందిన విద్యార్థి కూడా గుర్తుపడతాడు అన్నది సమర్థకుల జవాబు. నదుల మీద మామూలు నిఘాకు ఆ జవాబు సరిపోతుంది. ఏ జాతి ఎక్కడుందని అడిగినప్పుడే చాలదు.

ఒక పేరు కింద చాలా జాతులు

1758లో లినేయస్ పేరు పెట్టిన యూరప్ మందు జలగ హిరుడో మెడిసినాలిస్ కథ చూస్తే ఎందుకు చాలదో తెలుస్తుంది. 19వ శతాబ్దంలో దీని వాడకం ఎంత ఉండేదంటే 1833 ఒక్క ఏడాదే ఫ్రాన్స్ 4 కోట్లకు పైగా జలగల్ని దిగుమతి చేసుకుంది. దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం ఉందని 1884లో జాన్ హేక్రాఫ్ట్ కనిపెట్టాడు. అదే హిరుడిన్. తెగిన వేళ్లను తిరిగి కుట్టే శస్త్రచికిత్సల్లో నిలిచిపోయిన రక్తాన్ని లాగడానికి 2004లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఈ జలగను వైద్య పరికరంగా అనుమతించింది. ఈ జలగల వ్యాపారం మీద అంతర్జాతీయ అదుపు అంతకుముందే వచ్చింది. అన్నిచోట్లా రాసింది ఒకే పేరు.

2007లో జలగల పరిశోధకుడు మార్క్ సిడాల్ బృందం అమ్మకంలో ఉన్న జలగల డీఎన్‌ఏ పరీక్షించింది. అవి హిరుడో మెడిసినాలిస్ కావు, హిరుడో వర్బానా. అప్పటిదాకా ఒక పేరు మీద జరిగిన పరిశోధనల్లో చాలావాటిలో వాడింది ఇంకో జాతిని అయుండొచ్చు. ఆ తర్వాత నెలవుల పటాలు కొత్తగా గీశారు. మెడిసినాలిస్ బ్రిటన్, దక్షిణ స్కాండినేవియా నుంచి ఉరల్స్ వైపు సాగే అడవి పట్టీలో ఉంటుంది. వర్బానా దానికి దక్షిణాన ఇటలీ నుంచి టర్కీ మీదుగా మధ్యాసియా దాకా. ఇంకా తూర్పున, ఇరాన్, మధ్యాసియాల్లో ఓరియెంటాలిస్. వాయవ్య ఆఫ్రికా, స్పెయిన్‌లలో ట్రోక్టినా. ఒకే విశాలమైన మరక అనుకున్నది తూర్పు పడమరలుగా పరచిన పట్టీలయింది.

డీఎన్‌ఏ వచ్చాకే నిజం తెలిసింది అనేవాళ్లకు పాత పద్ధతి శాస్త్రజ్ఞుల దగ్గర గట్టి సమాధానం ఉంది. వర్బానాకు పేరు పెట్టింది 1820లోనే. దాని పొట్ట మచ్చల్లేకుండా పచ్చగా ఉండి రెండు పక్కలా నల్లగీత ఉంటుంది. మెడిసినాలిస్ పొట్ట నల్ల మచ్చలమయం. కంటితో చూస్తే తెలిసే తేడానే, మధ్యలో ఎవరో అవి రంగుల తేడాలేనని కలిపేశారు, మిగతావాళ్లు వెనక్కి తిరిగి చూడలేదు. నాకు ఈ వాదన సబబుగానే తోస్తుంది. అలాగని ప్రతిసారీ పొట్ట రంగు అంత స్పష్టంగా సాయం చేయదు.

మన దగ్గర తిప్పలు ఇంకోలా ఉన్నాయి. పశువులకు పట్టే పెద్ద జలగను మన డిగ్రీ జంతుశాస్త్ర పుస్తకాలు హిరుడినేరియా గ్రాన్యులోసా అంటాయి. దాన్నే పోయిసిలోబ్డెల్లా గ్రాన్యులోసా అని రాసేవాళ్లూ ఉన్నారు. పేరులోని మొదటి మాట సూచించే ఆ రెండు ప్రజాతులూ (జాతుల గుంపులూ) వేరా, ఒకటేనా అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. ఒక జిల్లా జాబితాలో మొదటి పేరు, పక్క జిల్లా జాబితాలో రెండో పేరు ఉండి, రెండు జాబితాల్నీ ఎవరైనా కంప్యూటర్‌లో కలిపితే ఒక జలగ రెండుగా లెక్కకొస్తుంది. యూరప్‌లో ఒక పేరు జాతుల్ని దాచేసింది, ఇక్కడ రెండు పేర్లు జాతుల్ని పెంచేస్తున్నాయి. ఫలానా రాష్ట్రంలో ఇన్ని జాతులు అన్న అంకె చూసినప్పుడు ఈ రెండు పొరపాట్లలో ఏది జరిగి ఉంటుందో ఆలోచించక తప్పదు.

వలస వెళ్లినవి

పేర్లు సరిపడ్డాక కూడా నెలవులు నిలకడగా ఉండవు. హెలోబ్డెల్లా యూరోపియా అనే చిన్న జలగను 1980ల్లో జర్మనీలో గుర్తించి దాన్నక్కడి జీవిగానే నమోదు చేశారు. 2005లో డీఎన్‌ఏ సరిపోల్చితే అది దక్షిణ అమెరికా జలగల గుంపుది. ఆస్ట్రేలియాలో వేరే పేరుతో నమోదైనదీ, దక్షిణాఫ్రికాలో దొరికినదీ కూడా అదే.

ఎదురు దిశలో వెళ్లినది మన బార్బ్రోనియా వెబెరి. భారత్‌తో సహా దక్షిణ, ఆగ్నేయ ఆసియా నీళ్ల మింగే జలగ ఇది. ఇవాళ యూరప్, అమెరికా ఖండాలు, ఆస్ట్రేలియాల్లోనూ ఉంది. అక్వేరియంలలో పెంచే నీటి మొక్కల వ్యాపారమే దాని దారి అని నిపుణుల అంచనా. ఆకు వెనక అతుక్కున్న గూడును ఎవరు చూస్తారు? బాతుల్లాంటి నీటి పక్షులతో జలగలు చెరువు నుంచి చెరువుకు చేరడం సహజంగా జరిగేదే గానీ, అది పక్షి వలస దారుల్లోనే. మొక్కల పార్శిల్ ఎటైనా వెళ్తుంది.

పటంలో ఖాళీ

ఇప్పుడు మూడో ప్రశ్న. భారతదేశపు జలగల మీద హార్డింగ్, మూర్ రాసిన ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా సంపుటం 1927లో వచ్చింది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా 1916 నుంచి ఉంది. మంచినీటి జీవుల కోసం దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. అయినా ఏ జీవి పటం చూసినా చుక్కలు రోడ్ల వెంట, కళాశాలల చుట్టూ, పేరున్న సరస్సుల దగ్గర గుమిగూడి ఉంటాయి. జనాభా లెక్కలవాళ్లు తలుపు తట్టిన ఇళ్లే ఊరి జనాభా అయినట్టు.

"దొరకలేదు" అన్నదానికీ "లేదు" అన్నదానికీ మధ్య దూరం ఎంతో లెక్క వేయొచ్చు. ఒక చెరువులో ఒక జలగ నిజంగా ఉందనుకుందాం. ఒకసారి వెళ్లి వల వేసి రాళ్లు తిప్పితే అది దొరికే అవకాశం 30 శాతం అనుకుందాం. మూడుసార్లు వెళ్లినా దొరక్కుండా పోయే అవకాశం 0.7ను మూడుసార్లు హెచ్చిస్తే వచ్చే 0.34. అంటే అది ఉన్న చెరువుల్లో మూడో వంతుకు "లేదు" అని రాసేస్తాం. ఐదుసార్లు వెళ్లినా 17 శాతం మిగులుతుంది. చాలా చెరువులకు ఒక్కసారి కూడా ఎవరూ వెళ్లరు. ఇక బురదలో దాక్కునే ఎండాకాలంలో వెళ్తే ఆ 30 శాతం కూడా ఉండదు.

బాగా వెతికిన చోట కూడా అన్నీ తెలిసిపోయాయని ధీమా పడలేం. మాక్రోబ్డెల్లా మిమికస్ అనే రక్తం తాగే జలగను 2019లో కొత్త జాతిగా ప్రకటించారు. అది దొరికింది ఏ అమెజాన్ లోయలోనో కాదు, వాషింగ్టన్ పక్కనే ఉన్న మేరీలాండ్ చిత్తడుల్లో. గుర్తించింది అదే నగరంలోని స్మిత్సోనియన్ మ్యూజియం పరిశోధకులు. దాని పాత నమూనాలు వాళ్ల సీసాల్లో దశాబ్దాలుగా పక్క జాతి పేరుతో ఉన్నాయి.

నీటి చుక్కలో ఆనవాలు

ఈ ఖాళీలు పూడ్చడానికి ఇప్పుడు చెబుతున్న మార్గం నీటిలో తేలే డీఎన్‌ఏ పరీక్ష. జీవులు వదిలిన పొలుసులు, జిగురు, మలంలోని డీఎన్‌ఏను వడకట్టి చదివితే జీవిని పట్టకుండానే పేరు తెలుస్తుందన్నది ఆశ. జలగలే ఇందులో ఒక దారి చూపించాయి. 2012లో వియత్నాం అడవుల నేల జలగల కడుపులోని రక్తాన్ని పరీక్షిస్తే, మనుషుల కంట చాలా అరుదుగా పడే అన్నమైట్ చారల కుందేలు ఆనవాలు దొరికింది. జలగ నెలల తరబడి రక్తం దాచుకోవడం ఇక్కడ పనికొచ్చింది.

నీటి నమూనాతో అంత సులువు కాదు. వాగులో దొరికిన డీఎన్‌ఏ పై ఊరి చెరువు అలుగు నుంచి కొట్టుకొచ్చినదై ఉండొచ్చు. మన వేసవి వేడికి డీఎన్‌ఏ త్వరగా విరిగిపోతుంది. వీటికి పరిష్కారాలు వెతుకుతున్నారు. పెద్ద అడ్డంకి పోల్చి చూసుకునే జాబితా. చదివిన డీఎన్‌ఏ వరుసకు పేరు పెట్టాలంటే ఆ జాతి అని నిర్ధారించిన జలగ డీఎన్‌ఏ ముందే నమోదై ఉండాలి. పాత మ్యూజియం నమూనాల్లో చాలావాటిని ఫార్మలిన్‌లో ఉంచారు. ఫార్మలిన్ ఆకారాన్ని నిలుపుతుంది, డీఎన్‌ఏను పాడుచేస్తుంది. కాబట్టి పాత పేరుకు కొత్త వరుసను కలపాలంటే, మొదట ఆ జాతిని ఎక్కడ పట్టి వర్ణించారో అక్కడికే వెళ్లి మళ్లీ పట్టాలి.

పట్టాక కూడా తొందర పనికిరాదు. బతికున్న జలగను నేరుగా స్పిరిట్‌లో వేస్తే ముడుచుకుని చింతగింజంత ముద్దవుతుంది. కళ్ల వరుస, ముడతల లెక్క, పునరుత్పత్తి రంధ్రాల మధ్య దూరం ఏవీ కనబడవు. అనుభవజ్ఞులు నీటిలో స్పిరిట్‌ను చుక్క చుక్కగా కలుపుతూ అది సాగి, సడలి, తాకినా కదలనంత దాకా ఆగుతారు. రంగులు స్పిరిట్‌లో వెలిసిపోతాయి గనక ఈలోపే పొట్ట వైపు, వీపు వైపు ఫోటోలు తీసుకుంటారు. ఆ తర్వాత వెనక చూషకం దగ్గరి చిన్న ముక్కను డీఎన్‌ఏ కోసం చిక్కటి ఆల్కహాల్‌లోకి, మిగతా ఒంటిని మ్యూజియం సీసాలోకి పంపుతారు. సీసాలో వేసే చీటీ మీద చెరువు పేరు, తేదీ, అది దేనికి పట్టుకుని దొరికిందో రాస్తారు. రాయా, నత్తా, గేదె కాలా అన్న ఆ మూడో వివరం లేని చీటీలే ఎక్కువ కనిపిస్తాయి.